సెర్రెహోన్ బొగ్గుగని

సెర్రెహోన్ దక్షిణామెరికా ఖండమున, కొలంబియా దేశపు ఈశాన్యాంతమునందలి లా గ్వాహీరా ప్రాంతమున, రాంచెరీయా నదీలోయలో నెలకొనియున్న బృహత్తరమైన ఉపరితల బొగ్గుగని. సింగరేణి ప్రాంతమున ఓపెన్‌కాస్టు అని వ్యవహరింపబడు విధానముననే ఇచటను పైమన్నును రాతిపొరలను తొలగించి బొగ్గును వెలికిదీయుచున్నారు. దీనికై కేటాయింపబడిన భూమి సుమారు 69,000 హెక్టారులు.

ఇచట బొగ్గు కలదని పందొమ్మిదవ శతాబ్దినుండియు తెలిసియున్నను, వర్షము మిక్కిలి తక్కువయై, మార్గములు గాని సమీపమున రేవుగాని లేని ఆ మెట్టసీమలో దానిని త్రవ్వుటకు చిరకాలము ఎవ్వరును పూనుకొనలేదు. 1976లో ప్రభుత్వసంస్థయగు కార్బోకోల్, ఎక్సాన్ కంపెనీకి అనుబంధమైన ఇంటర్‌కోర్ సమభాగస్వాములై ఒడంబడిక చేసికొనినవి. అన్వేషణము ముగిసిన పిదప 1980 దశకపు తొలి యేండ్లలో గనితోపాటు, కరీబియన్ సముద్రతీరమున ప్వెర్తో బొలీవర్ అను రేవును, ఆ రెంటిని కలుపుచు 150 కిలోమీటర్ల రైలుమార్గమును నిర్మించిరి. 1985లో ఎగుమతి మొదలైనది.

పేలుడు పదార్థములతో బండను పగులగొట్టి, షావెళ్లతో ఎత్తి, 320 టన్నులవరకు మోయగల డంపర్లలో తరలించి, బొగ్గును నలుగగొట్టి, నూరింటికి మించిన వ్యాగన్లు గల రైళ్లలో రేవునకు పంపుదురు. దుమ్ము నణచుటకు దారులపై నీరు చల్లుట తప్పనిసరి. నీటిచుక్క అపురూపమైన చోట ఇది చిన్న విషయము కాదు. ఈ గని రాతిపొరలయందే సుమారు 6 కోట్ల సంవత్సరములనాటి టైటనోబోవా అను మహాసర్పపు శిలాజములు లభించినవి; 2009లో నామకరణము పొందిన ఈ పాము దాదాపు 13 మీటర్ల పొడవుండెనని శాస్త్రజ్ఞుల అంచనా. నేటి ఎండుభూమి ఒకనాడు దట్టమైన వర్షారణ్యమనుటకు అచటనే దొరకిన ఆకుల ముద్రలును సాక్ష్యము.

పటముపై నిర్జనముగ కనిపించిన ఈ సీమ నిర్జనము కాదు. మేకలను మేపుకొను వయూ ఆదివాసులు తల్లివైపు వంశమును లెక్కించువారు. మృతుల అస్థులను కొన్ని వత్సరముల తరువాత మరల వెలికిదీసి సంస్కరించు ఆచారము గల ఈ జనులకు, మాతృవంశపు శ్మశానమే భూమిపై హక్కునకు ప్రమాణము. కాగితపు పట్టాను మాత్రమే ఎరిగిన వ్యవస్థకు ఈ ప్రమాణము కనబడక పోవుటయే గనిభూమిని గూర్చిన వివాదములలో పెక్కింటికి మూలము. ఆఫ్రికన్ సంతతివారు నివసించిన తబాకో గ్రామమును గనికై 2001 ఆగస్టులో నేలమట్టము చేసిరి. మరుసటి సంవత్సరము దేశ సర్వోన్నత న్యాయస్థానము దానిని వేరొకచోట పునర్నిర్మింపవలెనని ఆదేశించెను.

ప్రభుత్వభాగము 2000లో అమ్ముడుపోయినది; పలువురి చేతులు మారిన పిదప 2022నుండి గని గ్లెన్‌కోర్ కంపెనీ ఏకస్వామ్యమున నున్నది. రాంచెరీయా ఉపనదియగు బ్రూనో వాగు క్రిందనున్న బొగ్గునకై ఆ వాగును 3.6 కిలోమీటర్ల మేర దారి మళ్లించిరి. దానివలన కలుగు పర్యావరణ ఫలితములు చాలినంతగా పరిశీలింపబడలేదని రాజ్యాంగ న్యాయస్థానము 2017లో తీర్పుచెప్పి, ఆ పరిశీలనము ముగియువరకు పాత వాగుగర్భమున త్రవ్వరాదని నిషేధించెను.