మారిన మేళము, మారని పేరు

మన భజన మేళములలో తాళములు పట్టు చేతులు మారును గాని మేళము పేరు మారదు. ఇంగ్లండులోని ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అను జానపద వాద్యబృందము కథ విన్నచో, మన మేళములు ఎంతో నిలకడగలవని మాకు తోచినది.

1967లో లండను నగరమున, 'ఫెయిర్‌పోర్ట్' అను ఇంటి మేడమీద సాధన చేయుటచే దానికా పేరు వచ్చినది. మొదటి కచేరీనాడే శ్రోతలలోని మార్టిన్ లాంబుల్ అను యువకుడు, ఇంతకంటె బాగుగా డ్రమ్ములు వాయింపగలనని ఒప్పించి, ఆ స్థానమునే సంపాదించెను. శ్రోతలకింత అధికారమున్నచో రేడియో కళాకారులకు నిద్రపట్టునా?

1969 మే నెలలో రోడ్డు ప్రమాదమున ఆతడు మరణించెను, వయస్సు 19. ఇచట మా నవ్వు ఆగినది. మిగిలినవారు చెదరిపోక, ప్రాచీన ఆంగ్ల గాథాగీతములను విద్యుత్ గిటారులతో పాడి, ఆ యేటనే 'లీజ్ అండ్ లీఫ్' రికార్డును వెలువరించిరి. అది విడుదలయగు లోపలనే గాయని సాండీ డెనీ, స్థాపకులలో నొకడైన ఆష్లీ హచింగ్స్ వెడలిపోయిరి. 1971లో చివరి స్థాపకుడు సైమన్ నికోల్ కూడ తొలగగా, వరుడు లేని పెండ్లివలె మేళము సాగినది! 1976లో ఆయన మరలివచ్చెను.

1979లో క్రోప్రెడీ గ్రామమున వీడ్కోలు కచేరీ జరిగినది. ఆ వీడ్కోలు ఎంత రుచించినదో గాని, మరుసటి యేటినుండి పునస్సమాగమములు మొదలైనవి!

లాంబుల్ వలె శ్రోతలలోనుండి ఒకరు లేచి నిలుచునంతవరకు మేళమునకు మరణము లేదని మా నమ్మకము.