తెలివి ఒకచోట, దిగుబడి ఇంకొకచోట

మొన్న కల్వకుర్తి వెళ్ళినప్పుడు మా చిన్నాయన కొడుకు కలిసాడు. వాడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో (పేరెందుకులెండి) ఆపరేటరు. "ఆర్ అండ్ డీ వాళ్ళు ప్రాసెస్ ఏదో మార్చిన్రన్నా, అవే రియాక్టర్లల్ల ఎక్కువ సరుకొస్తుంది" అన్నాడు. పరిశోధన ఖర్చుకీ ఉత్పాదకతకీ సంబంధమేంటని ఎకనామిక్సు వాళ్ళు పేజీలకి పేజీలు రాస్తారే, అదంతా ఈ ఒక్క ముక్కలో వుంది.

లెక్క చూడండి. ఒక మందు ఐదు దశల్లో తయారవుతుందనుకుందాం. దశకి 80 శాతం దిగుబడి వస్తే చివరికి చేతికొచ్చేది 33 శాతమే. దశకి 90 వస్తే 59! మనుషులు వాళ్ళే, రియాక్టర్లూ అవే, సరుకు మాత్రం దాదాపు రెట్టింపు. మనం కోడ్‌లో ఒక లూపు సరిచేసి సర్వర్ల ఖర్చు తగ్గించినట్టే.

ఈ విద్యకి హైదరాబాదులో బడి ఐడీపీఎల్. 1961లో కేంద్రం పెట్టిన కంపెనీ, సోవియట్ల సాయంతో బాలానగర్‌లో ప్లాంటు. 1970 పేటెంట్ చట్టం 1972లో అమల్లోకొచ్చాక మందు మీద కాదు, తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు. అంటే కొత్త పద్ధతి కనిపెట్టే కెమిస్టు జీతం నేరుగా ఉత్పత్తిలో కనపడుతుందన్నమాట. 1969 నుంచి 1975 దాకా అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మొదట్లో మిథైల్‌డోపా అనే బీపీ మందుతోనే పేరు తెచ్చుకున్నారు. మరి ఐడీపీఎల్? ధరల నియంత్రణ, అవసరానికి మించిన సిబ్బంది... 1992కల్లా ఖాయిలా పరిశ్రమ. ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఐడీపీఎల్ లెక్కల్లో నష్టంగా తేలింది, నేర్చుకున్న మనుషులు మాత్రం బయటికొచ్చి ఊరంతా కంపెనీలు పెట్టారు. ఒక్క కంపెనీ బాలన్స్ షీటు చూసి పరిశోధన దండగ అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అలాగని ఖర్చు పెడితే చాలు ఫలితం వస్తుందనీ కాదు. రెడ్డీస్ వాళ్ళు 1990ల్లో సొంత అణువుల వేట మొదలెట్టారు. 1997లో బాలాగ్లిటజోన్‌ని నోవో నార్డిస్క్‌కి లైసెన్సుకిచ్చారు, మన దేశంలో అప్పటికది పెద్ద వార్త. దాని తర్వాతి రాగాగ్లిటజార్ పరీక్షలు 2002లో ఆగిపోయాయి. రెండూ మందుల షాపు దాకా రాలేదు. ఆ మధ్యలో 2001లో డబ్బు తెచ్చిపెట్టింది అమెరికాలో ఆరు నెలల ప్రత్యేక హక్కు దొరికిన జెనరిక్ ఫ్లూక్సెటీన్ 40 మిల్లీగ్రాములు. నాకైతే ఇందులో ఆశ్చర్యమేం లేదు. ప్రాసెస్ పరిశోధన జీతం లాంటిది, కొత్త అణువు లాటరీ లాంటిది. కానీ అందరూ జీతంతోనే సరిపెట్టుకుంటే, 2005 నుంచి మందు మీద కూడా పేటెంటు వచ్చాక, కొత్తవాటికి గడువు తీరేదాకా కాచుక్కూర్చోవాల్సిందే.

బస్సెక్కబోతూ మావాడిని అడిగా, సరుకు పెరిగింది కదా, మరి నీకు? "బ్యాచులు పెరిగినయ్, డ్రమ్ములు మోసుడు పెరిగింది. జీతమా? అది ఏ ఆర్ అండ్ డీ వాళ్ళ చేతుల ఉంటదో నువ్వే చెప్పాలన్నా" అన్నాడు.