సెసిల్ వంశానికి తాత ఒక్కడే, కథలు రెండు

ఎలిజబెత్ రాణి కోశాధికారి విలియం సెసిల్ (1520–1598) తాత డేవిడ్ స్టాంఫర్డ్‌లో పూటకూళ్ల ఇల్లు నడిపాడని 1592లో ఇంగ్లండ్ కాథలిక్ ప్రవాసులు కరపత్రాలు వేసి ఎద్దేవా చేశారు. సెసిల్ ఇంట్లోని వంశవృక్షం ఇంకో మాట చెప్పేది. 1091లో నార్మన్ ప్రభువు ఫిట్జ్‌హామన్ వెంట గ్లామోర్గన్‌ను జయించిన రాబర్ట్ సిట్సిల్ట్ అనే వీరుడి సంతతివాడే ఆ డేవిడ్ అట.

రికార్డుల్లోని డేవిడ్ ఈ రెండు కథలకూ దొరకడు. వాళ్ల ఊరు అల్టిరినిస్. హెరెఫర్డ్‌షైర్ అంచున, మన్నో నది పక్కన ఉంటుంది. ఇప్పుడది ఇంగ్లండే అయినా అప్పట్లో అక్కడివాళ్లు మాట్లాడేది వెల్ష్. అక్కడి ఓ మోస్తరు భూస్వామి ఇంట్లో డేవిడ్ చిన్నకొడుకు. 1485లో బాస్వర్త్ దగ్గర గెలిచి హెన్రీ ట్యూడర్ గద్దెనెక్కాక ఎందరో వెల్ష్ యువకులు అదృష్టం వెతుక్కుంటూ తూర్పు దారి పట్టారు. డేవిడ్ కూడా సర్ డేవిడ్ ఫిలిప్ అనే వెల్ష్ నైట్ అండన స్టాంఫర్డ్ చేరాడు. రాజు అంగరక్షక దళంలో కొలువు చేశాడు, మూడుసార్లు ఊరి పెద్దగా ఉన్నాడు, పార్లమెంటుకూ వెళ్లాడు. కొడుకు రిచర్డ్‌కు ఎనిమిదో హెన్రీ వస్త్రాగారంలో ఉద్యోగం దొరికింది. మనవడి చేతికి దేశమే వచ్చింది.

నా మటుకు నాకు గర్వపడటానికి ఈ మూడు తరాలు చాలు. విలియంకు చాలలేదు. 1571లో బర్లీ ప్రభువుగా బిరుదు వచ్చినా, పాత కులీనుల కంటికి ఆయన నిన్నమొన్నటి మనిషే. వంశావళులంటే ఆయనకు పిచ్చి. ఎన్నో పట్టికలు సొంత చేతితో రాసుకున్నాడు. థియోబాల్డ్స్ భవనంలోని ఒక గ్యాలరీలో కౌంటీకో చెట్టు చొప్పున గోడల మీద బొమ్మలు వేయించి, ఆ కౌంటీ ప్రభువుల కులచిహ్నాలను కొమ్మలకు వేలాడుతున్నట్టు చిత్రింపజేశాడు.

తగాదా అసలు ముడి వెల్ష్ పద్ధతిలో ఉంది. భూమి హక్కు రక్తసంబంధం మీద నడిచే ఆ సమాజంలో వంశావళి అంటే దస్తావేజే. కవులు దాన్ని కంఠస్థం చేసేవాళ్లు. కానీ ఇంటిపేర్లు లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. ‘సైసిల్ట్’ కూడా మామూలు మగపేరు. 1023లో పోయిన గ్వినెడ్ రాజు లెవెలిన్ తండ్రి పేరు అదే, 1175లో అబర్‌గవెన్నీ కోటలో విందుకు పిలిచి చంపేసిన ప్రభువు పేరూ అదే. అలాంటప్పుడు పాత పత్రంలో సైసిల్ట్ కనిపించగానే మా ముత్తాతే అనడానికి అడ్డేముంది? ఆ పేరే ఇంగ్లిష్ నోళ్లలో నలిగి ‘సెసిల్’ అయింది.

ఇక 1091 నాటి జైత్రయాత్ర. ఫిట్జ్‌హామన్‌తో పన్నెండుమంది నైట్లు వచ్చి గ్లామోర్గన్ పంచుకున్నారన్న కథను రాసినవాడు సర్ ఎడ్వర్డ్ స్ట్రాడ్లింగ్. ఆ పన్నెండుమందిలో తన పూర్వీకుణ్నీ చేర్చుకున్నాడు. స్ట్రాడ్లింగులు అక్కడ కాలుపెట్టింది మాత్రం ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్లకు! ఆ రాతప్రతిని డేవిడ్ పవెల్ 1584లో తన వేల్స్ చరిత్రలో అచ్చువేయించాడు. ప్రతిని ఆయనకు చేర్చింది రాణిగారి ఆంతరంగికురాలు బ్లాంచ్ పారీ. ఆమెదీ హెరెఫర్డ్‌షైరే, సెసిల్‌కు చుట్టం. ఆమె వీలునామా చిత్తు రాసిపెట్టింది ఆయనే. ఇలాంటి బంధుత్వాలను బట్టే సరిహద్దులోని వెల్ష్ మూలాన్ని నమ్మొచ్చు. నాలుగు వందల ఏళ్లు వెనక్కి పాకే నిచ్చెనను మాత్రం నేటి పరిశోధకులు నమ్మరు.

సెసిళ్ల ప్రతిష్ఠకు ఈ నిచ్చెనతో పనిలేకపోయింది. 1605లో ఒకే రోజు విలియం కొడుకులిద్దరూ ఎర్ల్‌లయ్యారు, థామస్ ఎక్సెటర్‌కు, రాబర్ట్ సాలిస్‌బరీకి. రాబర్ట్ వంశంలోని మూడో మార్క్విస్‌తో మనకూ చేదు సంబంధం ఉంది: రాయలసీమను ధాత కరువు మాడ్చిన 1876–78లో, చివరి నెలలు మినహా, లండన్‌లో ఇండియా మంత్రి ఆయనే. ఇక రాబర్ట్ మాటకొస్తే, తండ్రి అంత మురిసిపోయిన ఈ వెల్ష్ పూర్వీకుల గొడవ తన దగ్గర ఎత్తవద్దని విసుక్కున్నాడు.