పేరు పిలిచిన రోజు

మా పేట నూజివీడుకు దగ్గర్లో, మామిడి తోటల మధ్య ఉంది. ఎరుకల ఇళ్లు ముప్పై దాకా ఉంటాయి. మొన్న వేసవిలో, రసాలు కోతకొచ్చిన రోజుల్లో, మా అక్క కూతురు పక్క జిల్లాలోని విశ్వవిద్యాలయంలో డిగ్రీ పట్టా అందుకుంది. మా పేట నుంచి స్నాతకోత్సవం వేదిక ఎక్కిన మొదటి పిల్ల. పదకొండు మందిమి రెండు ఆటోల్లో వెళ్లాం.

లోపలికి ఇద్దరికే పాసులు. మా బావ తన పాసు తీసి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వంటే మా అమ్మమ్మ, ఎనభై దాటిన మనిషి. అక్కా, అవ్వా లోపలికి పోయారు. మేమంతా బయట వేపచెట్టు కింద కూర్చుని ఫోనులో చూశాం.

పాసు అనే మాట మా ఇళ్లకు కొత్తది కాదు. మా పెద్దలు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ లోపలి ఊళ్లకూ మధ్య తిరిగేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, ఎరుక చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చి ఉప్పు బేరాన్ని లాగేసుకున్నాయి. అడవి చట్టాలు వెదురుకు అడ్డం వచ్చాయి. బతుకుతెరువు పోయినవాళ్లకు దొంగలని పేరు పెట్టారు. ఇది మేం కోపంతో అంటున్న మాట కాదు, చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ పాత రికార్డులు చూసి వివరంగా రాసిన సంగతి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు ఆ ఊరికి నిలిచిపోయింది. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ ఒక సెటిల్‌మెంటు ఉండేది. రిజిస్టరులో పేరు, పక్కనే వేలిముద్రలు. బయటికి పోవాలంటే పాసు. సెటిల్‌మెంటులో లేనివాళ్లలో కూడా రిజిస్టరుకెక్కినవాళ్లు హాజరు ఇచ్చుకోవాలి.

అవ్వ నాన్న పేరు అలాంటి రిజిస్టరులో ఉండేదట. రాత్రిపూట మునసబు ఇంటి ముందు నిలబడాలి. పేరు పిలిస్తే “ఉన్నానయ్యా” అనాలి. అవ్వకప్పుడు ఆరేళ్లో, ఏడేళ్లో. నాన్న తిరిగొచ్చేదాకా వాళ్లమ్మ దీపం ఆర్పేది కాదని ఇప్పటికీ చెబుతుంది. 1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని తీసేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది.

స్నాతకోత్సవంలో మైకులో మా పిల్ల పేరు ఇంటిపేరుతో సహా పిలిచారు. పిల్ల ఒక పక్క నుంచి ఎక్కి, పట్టా అందుకుని, ఇంకో పక్క నుంచి దిగిపోయింది. అవ్వ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఎటు తీసుకుపోయారే పిల్లని?” అని అడిగిందట. “ఎటూ కాదవ్వా, మళ్లీ కుర్చీలోకే” అంది అక్క. అక్క ఈ మాట బయటికొచ్చి చెబితే మొదట అందరం నవ్వాం. తర్వాత బావ లేచి మంచినీళ్ల కోసమని అటు పక్కకు వెళ్లాడు.

స్నాతకం అంటే గురువు దగ్గర చదువు ముగించి చేసే స్నానం. ఆ గురుకులాల గడప మాకు ఎవరూ చూపించలేదు. ఏకలవ్యుడి కథ అందరికీ తెలిసిందే కనుక ఇక్కడ పొడిగించం. గౌను మాత్రం ఐరోపా నుంచి వచ్చింది. అక్కడి తొలి విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లు ఎక్కువమంది చర్చి మనుషులు, చలిదేశం కాబట్టి వాళ్లది నిలువెత్తు అంగీ. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలతో ఆ పద్ధతి మన ఎండల్లోకి దిగింది. 1926లో బెజవాడలో మొదలై తర్వాత విశాఖకు మారిన ఆంధ్ర విశ్వవిద్యాలయమూ ఆ దారినే నడిచింది. 2010లో కేంద్రమంత్రి జైరాం రమేష్ భోపాల్‌లో వేదిక మీదే గౌను విప్పేసి, ఇది వలస పాలన మిగిల్చిన అనాగరిక ఆచారమన్నారు. మాటలో నిజముంది. కానీ మూడు తరాలు వేసుకున్నవాళ్లు విప్పేయడం వేరు. మా పిల్ల మొదటిసారి వేసుకుంది, అదీ అద్దెకు, సాయంత్రం ఐదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. ఫోటోల కోసం పదకొండు మందిమీ వంతులవారీగా ఆ టోపీ పెట్టుకున్నాం. అవ్వ ఒక్కతే ఉక్కగా ఉందని తీసేసింది.

ఉపాధ్యాయులకు ఒక మాట. స్నాతకోత్సవానికి రానివాళ్లకు పట్టా పోస్టులో వస్తుంది. మన పిల్లలు చాలామంది దారిఖర్చు, గౌను అద్దె, అమ్మానాన్నల కూలి లెక్కేసుకుని పోస్టే చాలనుకుంటారు. అలా అనుకోనివ్వకండి. మా శిక్షణ డిప్లొమాకు ఉత్సవమే లేదు, గుమాస్తా కిటికీలోంచి కాగితం ఇస్తే సంతకం పెట్టి వచ్చేశాం. ఆ రోజు తేదీ కూడా మాకిప్పుడు గుర్తులేదు. 1961 జనాభా లెక్కల్లో దేశంలో గిరిజనుల అక్షరాస్యత 8.53 శాతం, 2011లో 58.96. ఆ అంకెలు బడిలో చెబితే పిల్లలు రాసుకుంటారు. వాళ్లకు తెలిసిన పిల్లను వేదిక మీద చూపిస్తే అడగడం మొదలుపెడతారు. మా పేట పిల్లలు ఆ వారమే ట్రిపుల్ ఐటీ సంగతి అడిగారు. పల్లెటూరి పిల్లల కోసం 2008లో నూజివీడులో పెట్టిన చదువది. పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగ్ పూర్తి చేయవచ్చు. ఇన్నేళ్లూ దాని గేటు ముందు నుంచే సంతకు పోతున్నాం.

సాయంత్రం పేటలో విందు. పిల్ల హాస్టల్ స్నేహితురాళ్లు నలుగురు మాతోనే వచ్చారు. కోడికూర, గారెలు, చివర్న చిన్నరసాలు. రసం ఎలా పిసికి తాగాలో తెలియక ఒకమ్మాయి ఓణీ అంతా పాడు చేసుకుంది. ఒకప్పుడు ఈ తోటల కాయంతా మా గంపల్లోనే బండ్లెక్కేది. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. అవ్వ మాత్రం సీజనుకు నాలుగు బుట్టలు అల్లుతుంది, ఎవరూ కొనకపోయినా. ఆ నాలుగింటిలో కాయలు నింపి పిల్లలకిచ్చింది.

అందులో ఒకమ్మాయి ఫోను తీసి, బుట్ట ఫోటో కింద రాయాలి, నీ పేరేంటవ్వా అని అడిగింది. అవ్వ ఒకసారి అక్క వైపు చూసింది. తర్వాత తన పేరూ, వాళ్ల నాన్న పేరూ రెండూ చెప్పింది.