జిద్దా ఓడకు సామాను కట్టిన చరిత్ర

విశాఖ రేవుకు 2022లో విహారనౌక వచ్చినప్పుడు తెలుగువాళ్లకు సముద్ర ప్రయాణం కొత్తగా దొరికినట్టు మాట్లాడారు చాలామంది. ఓడలో ఈత కొలను, ఓడలో సినిమా, ఓడెక్కేముందు ఏం సర్దుకోవాలి, కడుపులో తిప్పితే ఏం మింగాలి. అవన్నీ విని మేం కొంచెం నవ్వుకున్నాం. కాకినాడ, విశాఖ రేవుల్లో మూటలు నెత్తిన పెట్టుకుని రంగం పడవెక్కిన కూలీల సంగతి అలా ఉంచండి. వాళ్లది పొట్టకూటి ప్రయాణం. తెలుగు నేలమీద ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, నెలల తరబడి సర్దుకుని, తిరిగి రావాలని కోరుకుంటూ, రాకపోయినా సరేనని మనసు దిటవు చేసుకుని ఓడెక్కినవాళ్లు ఇంకొకరున్నారు. వాళ్లు హజ్ యాత్రికులు. బొంబాయి నుంచి జిద్దాకు ఓడ 1995లో ఆగిపోయింది. ఆ ఓడతో పాటు ఆ తయారీ కూడా పోయింది. మా ఇళ్లలో తప్ప దాన్ని చరిత్రగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈ కథ బొంబాయిలో మొదలు కాలేదు, బందరులో మొదలైంది. గోల్కొండ సుల్తానుల కాలంలో, పదహారో శతాబ్దం చివరినుంచి, మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రానికి ఓడలు నడిచాయి. కళంకారీ బట్టలు, బియ్యం ఎక్కిన ఓడలోనే యాత్రికులూ ఎక్కేవారు. ఆనాటి తయారీలో మొదటిది సామాను కాదు, పోర్చుగీసువాళ్ల అనుమతి చీటీ. సముద్రం తమ జాగీరన్నట్టు వాళ్లు ప్రతి ఓడకూ చీటీ అడిగేవారు. లేకపోతే ఓడను పట్టుకునేవారు. అక్బరు పాదుషా మేనత్త గుల్బదన్ బేగం 1575లో హజ్‌కు బయల్దేరి, ఈ చీటీ తకరారుతోనే సూరత్‌లో నెలల తరబడి కూచోవాల్సి వచ్చింది. ఒక్కోసారి చీటీ ఉన్నా లాభం లేదు. జహంగీరు తల్లిగారి ‘రహీమీ’ ఓడను 1613లో పోర్చుగీసువాళ్లే పట్టుకున్నారు. 1695లో మక్కా నుంచి తిరిగొస్తున్న ‘గంజె సవాయీ’ని ఇంగ్లీషు సముద్రపు దొంగ హెన్రీ ఎవరీ దోచుకున్నాడు. పాదుషాల ఓడలకే అంత కష్టమైతే బందరు నుంచి బయల్దేరిన మామూలు సాయిబు గుండె ఎంత గట్టిదై ఉండాలి!

ఆ తర్వాత బందరు వైభవం తగ్గింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, పొగ ఓడల రాకపోకలు పెరిగాయి. 1874లో సికింద్రాబాదు నుంచి వాడికి రైలు పడి బొంబాయి లైనుతో కలిసింది. హైదరాబాదు రాజ్యంలోని హాజీకి ఇక దారి పడమటికే. రాయలసీమవాళ్లు గుంతకల్లు మీదుగా మద్రాసు–బొంబాయి బండి పట్టుకునేవారు. బొంబాయిలో దిగితే ముసాఫిర్‌ఖానాలు. క్రాఫోర్డ్ మార్కెట్టు దగ్గరి సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా పేరు మా పెద్దల నోళ్లలో ఇప్పటికీ ఊరి పేరులా నానుతుంది.

అసలు తయారీ మాత్రం ఊళ్లోనే, పెట్టె తెరవకముందే మొదలయ్యేది. హజ్ ఫర్జ్ కావాలంటే స్థోమత ఉండాలి. స్థోమత అంటే చేతిలో డబ్బుండటం ఒక్కటే కాదు. అప్పులు తీర్చాలి, లేదా అప్పిచ్చినవాడి అనుమతి తీసుకోవాలి. తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకు తిండికి లోటు లేకుండా చూడాలి. ఎవరి సొమ్మైనా తన దగ్గరుంటే అప్పగించాలి. అందుకని హజ్‌కు పోయేవాడు ముందు షావుకారు కొట్టు మెట్లెక్కేవాడు. ఖాతా పుస్తకం తీయించి పద్దులు చూపించుకుని, బాకీ కట్టి కొట్టివేయించుకునేవాడు. గట్టు తగాదా ఉన్న పక్క పొలం రైతు దగ్గరికి పోయేవాడు. కూలి బాకీ ఉంటే కూలివాళ్ల గుడిసెలకు పోయేవాడు. అక్కడ చెప్పే మాట ఒక్కటే: ‘కహా సునా మాఫ్ కరో’. అన్నదీ విన్నదీ క్షమించమని. ఉర్దూ రానివాళ్లతో తెలుగులోనే, ‘మాటా మాటా అనుకుని ఉంటే మనసులో పెట్టుకోవద్దు, హజ్‌కు పోతున్నా’ అనేవాడు. ఎదుటివాడు హిందువా, తురకా, ఏ కులం అన్న లెక్క అక్కడ లేదు. మనిషికి మనిషి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే క్షమించాలి. కాబా చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా అది మాఫీ కాదన్నది నమ్మకం.

మక్కా వైపే చూస్తారు, ఈ మట్టితో వాళ్లకేం సంబంధం అని మామీద వేసే నింద ఒకటుంది. అనేవాళ్లకు మేం చెప్పేదొక్కటే. మక్కాకు పోవాలంటే ముందు ఊరంతా తిరగాల్సి వచ్చేది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని తెలుగులో సామెత ఉండనే ఉంది. హాజీని కూడా ఊరు అట్లాగే సాగనంపింది. బిడ్డలు లేనివాళ్లు మా కోసం అక్కడ దువా అడగమన్నారు. ఊరగాయ జాడీ చేతిలో పెట్టినవాళ్లు, ‘ఓడలో నోరు చప్పబడుతుందంట’ అన్నారు.

ఈ క్షమాపణల పట్టికలో మాకు మింగుడుపడని అంశం కూడా ఉంది, చెప్పకపోతే తప్పు. భార్యకు ఇవ్వాల్సిన మెహర్ కూడా బాకీయే. షావుకారు బాకీ రూపాయలతో తీర్చిన పెద్దమనుషుల్లో కొందరు మెహర్ దగ్గరికొచ్చేసరికి ‘మాఫ్ కర్దో’ అని ఒక్క మాటతో తేల్చేశారు. హజ్‌కు పోతున్న మొగుణ్ణి ఇవ్వనని ఎట్లా అంటుంది ఆమె? ఇక ఆమే హజ్‌కు పోవాలంటే వెంట మొగుడో, కొడుకో, అన్నదమ్ముడో ఉండాల్సి వచ్చేది. అంటే తయారీలో ఆమె మొదట సర్దుకోవాల్సింది ఒక మగమనిషిని.

ఆ తర్వాత పెట్టె. రేకు ట్రంకు పెట్టె, మీద తెల్ల రంగుతో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా. ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. పరుపు చుట్ట విడిగా. పెద్ద పెట్టెలు ఓడ అడుగున గోదాములోకి పోతాయి, జిద్దా దాకా చేతికి రావు. అందుకని చేతి మూటలో ఏముండాలి, పెట్టెలో ఏముండాలి అన్నది ఇంటిల్లిపాదీ తర్కించే విషయం. ఎహ్రాం మాత్రం ఎప్పుడూ చేతి మూటలోనే. కుట్టని రెండు తెల్ల బట్టలవి. సముద్రం మీద హిందూస్థానీ హాజీలకు యలమ్‌లమ్ హద్దు. ఓడ దాని ఎదురుగా వచ్చేలోపు స్నానం చేసి అవి కట్టుకోవాలి. ఆ రెండు బట్టలతో పాటు చాలామంది మూడోది కూడా పెట్టుకునేవారు, కఫన్ బట్ట. దారిలో పోతే అది కప్పుతారు, బతికొస్తే జమ్‌జమ్ నీళ్లలో తడిపి తెచ్చి దాచుకుంటారు.

వారం నుంచి రెండు వారాల సముద్రం. తొలినాటి పొగ ఓడల్లో డెక్ మీద ఎవరి పొయ్యి వాళ్లదే. బియ్యం, పప్పు, ఎండుమిరప, చింతపండు మోసుకుపోయేవారు. తర్వాత ఓడలోనే భోజనం వచ్చినా, నిమ్మకాయ ఊరగాయ, అటుకులు, బెల్లం మానలేదు. అలల తిప్పుడుకు అల్లం మురబ్బా. వజూ చేసుకోవడానికి లోటా. ఇంకో చిక్కు కాలం గురించి. హజ్ నెల చాంద్రమానం ప్రకారం ఏటికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 1960లో హజ్ జూన్ మొదట్లో వచ్చింది. ఎడారి ఎండకూ తిరుగు దారిలో అరేబియా సముద్రం మీది నైరుతి గాలివానకూ కలిపి సర్దుకోవాలి. 1975లో డిసెంబరులో వచ్చింది, దుప్పట్లు కావాలి. తండ్రి చేసిన సర్దుడు కొడుక్కి పనికొచ్చేది కాదు. గడప దాటేముందు చేతికి ఇమామ్ జామిన్ కట్టేవారు, గుడ్డలో చుట్టిన నాణెం.

సర్కారు కూడా తనదైన తయారీ చేయించింది. 1865లో మక్కాలో కలరా చెలరేగి యూరపు దాకా పాకింది. అప్పటినుంచి దొరల దృష్టిలో హాజీ అంటే భక్తుడు కాదు, రోగం మోసుకొచ్చేవాడు. ఎర్రసముద్రంలో కమరాన్ దీవి మీద 1880లనుంచి క్వారంటైను పెట్టారు. హాజీలను దింపి, స్నానాలు చేయించి, వాళ్ల బట్టల మూటలను ఆవిరి యంత్రాల్లో పెట్టి తీసేవారు. ఇంట్లో అంత జాగ్రత్తగా మడతపెట్టిన మూట అక్కడ అలా విప్పారు. ఇక ఓడలవాళ్ల నిర్వాకం. 1880లో ‘జెద్దా’ అనే ఓడ తొమ్మిది వందల మందికి పైగా యాత్రికులతో వస్తుండగా నీళ్లు చేరాయి. కెప్టెన్, తెల్ల అధికారులు యాత్రికులను వదిలేసి పడవెక్కి వెళ్లి ఓడ మునిగిపోయిందని చెప్పారు. ఓడ మునగలేదు. ఇంకో ఓడ దాన్ని ఏడెన్‌కు లాక్కొచ్చింది, యాత్రికులు బతికే ఉన్నారు. జోసెఫ్ కాన్రాడ్ ఈ ఘటన మీదే ‘లార్డ్ జిమ్’ నవల అల్లాడు. పారిపోయిన తెల్లవాడి మనోవ్యథ ప్రపంచ సాహిత్యమైంది. ఓడలో మిగిలినవాళ్ల కథ ఎవరికీ పట్టలేదు.

1886లో ఇండియా ప్రభుత్వం హాజీల ప్రయాణ ఏర్పాట్లు థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. నైలు నది మీద దొరలను విహార పడవల్లో తిప్పే కంపెనీయే అది! ఏడేళ్లు చూసి, 1893లో వదిలేసింది. తిరుగు ఖర్చుల్లేక జిద్దాలో చిక్కుబడ్డ బీదల గురించి మరో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు నడిచాక, 1920లలో చట్టం సవరించి రానూపోనూ టికెట్టో డిపాజిట్టో తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఆ దెబ్బతో, ఒక వైపు ఖర్చుతో బయల్దేరి ‘అల్లా చూసుకుంటాడు’ అనే బీదవాడు రేవు గేటు దగ్గరే ఆగిపోయాడు.

స్వాతంత్ర్యం వచ్చాక మొఘల్ లైన్ ఓడలు ‘ఇస్లామీ’, ‘మొహమ్మదీ’, ‘ముజఫ్ఫరీ’, ‘సౌదీ’, ‘అక్బర్’ మా ఇళ్లలో బంధువుల పేర్లలా వినబడేవి. 1877లో పుట్టిన ఆ కంపెనీ 1960లో ప్రభుత్వం చేతికొచ్చింది. 1959లో హజ్ కమిటీ చట్టం వచ్చింది. ఆ ఏడే రిజర్వు బ్యాంకు హాజీల కోసం ప్రత్యేక నోట్లు అచ్చేసింది. పది రూపాయలది నీలం రంగు, వందది ఎరుపు, నంబరు ముందు ప్రత్యేక అక్షరాలు. వాటిని ఇక్కడ ఖర్చుపెట్టడానికి లేదు, అక్కడ మార్చుకోవాలి. మశూచి టీకా, కలరా సూది, వాటి సర్టిఫికెట్లు, ఫోటోలు, పాసు. ఇవన్నీ కుట్టించుకున్న గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకునేవారు. మక్కా చేరాక పాత హైదరాబాదు రాజ్యం జిల్లాలవాళ్లకు నిజాముల రుబాత్‌లో ఉచిత బస దొరికే వీలుండేది. కోస్తా, సీమ ముస్లింకు ఆ నీడ లేదు. ఒకే మతం, ఒకే ఓడ, అయినా దిగాక రాజ్యం ఏదని అడిగారు.

అసలు ఓడ మొహమే చూడనివాళ్లు ఇంకెందరు! దూది ఏకే ఇంట్లో, చేపలు పట్టే ఇంట్లో, గాజుల మలారం మోసే ఇంట్లో హజ్ అనేది తయారీ దాకా రాలేదు. హాజీ తెచ్చిన ఒక ఖర్జూరం పండు, గుక్కెడు జమ్‌జమ్ నీళ్లే వాళ్ల హజ్. మన పెద్ద కుటుంబాలు ‘హాజీ’ బిరుదును జాగీరులా వాడుకున్న సంగతి కూడా చరిత్రే.

ఓడ పోయాక విమానం ఒక్కటే దిక్కయింది. ఓడకూ విమానానికీ మధ్య ఛార్జీ తేడాకు ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీ ఎయిర్ ఇండియా ఖాతాకు పోయింది, బుజ్జగింపు అన్న పేరు మాత్రం మా ఖాతాలో పడింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని పదేళ్లలో ఎత్తేయమంది, 2018లోనే ఎత్తేశారు. అదే ఏడు, ఓడ హజ్ మళ్లీ మొదలుపెడతామని ప్రకటన కూడా వచ్చింది. మా పెద్దవాళ్లు ఆ వార్త చదివించుకుని మళ్లీ చదివించుకున్నారు. ఆ ఓడ రాలేదు.

1830–31లో ఏనుగుల వీరాస్వామయ్య చేసిన యాత్ర ‘కాశీయాత్ర చరిత్ర’గా తెలుగులో చరిత్ర గ్రంథమైంది, కావాల్సిందే. భోపాల్ నవాబు సికందర్ బేగం 1860లలో హజ్ చేసి, జిద్దా సుంకంవాళ్లు పెట్టెలు విప్పించిన తీరు దాకా రాసింది. అబ్దుల్ మాజిద్ దరియాబాదీ 1929 ప్రయాణం మీద ‘సఫరె హిజాజ్’ రాశాడు. ఉర్దూలో ఇలాంటి సఫర్‌నామాలు దండిగా ఉన్నాయి. తెలుగు చరిత్రకారులు వాటిని మతం అరలో పెట్టి తలుపు మూశారు. మేం కూడా తెచ్చి ఇచ్చింది తక్కువే. ఆ ట్రంకు పెట్టెలు మా ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్నాయి, పాత బొంతలతో. మీద తెల్ల రంగు అక్షరాలు చెక్కుచెదరలేదు. ఉర్దూలో రాసిన వరసను మా పిల్లల్లో చాలామంది చదవలేరు, కింద ఇంగ్లీషు వరస చూసి తాత పేరు చెబుతారు.