అయిపోని గ్యాస్

ఎండాకాలం రాగానే మా మెకానిక్ ఒకటే మాట, "ఏసీలో గ్యాస్ అయిపోయిందమ్మా!" అయిపోవడానికి అదేమన్నా వంట గ్యాసా? గొట్టాల్లోనే తిరుగుతుంది, లీకైతేనే తగ్గుతుంది.

ఆ లీకుకి పెద్ద కథే ఉందండీ. 1920లలో అమెరికా ఇళ్లలో ఫ్రిజ్‌లకి మిథైల్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. లీకై ప్రాణాలు పోయిన ఇళ్లూ ఉన్నాయి. అందుకే 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం ఫ్రియాన్ తయారుచేసింది. 1930లో ఆయన దాన్ని అందరి ముందూ పీల్చి, కొవ్వొత్తి మీదకి ఊది ఆర్పి చూపించాడు. విషమూ లేదు, మంటా లేదు! ఇంట్లోవాళ్లకి భయం తీరింది గానీ, అది పైకెళ్లి ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. మా పాత ఏసీలోని ఆర్-22 ఆ వంశానిదే.

ఈసారి గ్యాస్ పట్టొద్దన్నాను. ముందు నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగ రాయించాను. బయటి యూనిట్ నట్టు దగ్గర బుడగలు!