బండి వెనక వంటిల్లు

అమెరికాలో కార్లు వేసుకుని అడవుల్లో, సరస్సుల ఒడ్డున గుడారాలు వేసుకునేవాళ్ళ డిక్కీలో తరచూ ఒక చెక్కపెట్టె కనిపిస్తుంది. దాని ముందు తలుపు పైనుంచి కిందికి తెరుచుకుంటుంది. కింద కాలు ఆనిస్తే అదే బల్ల. లోపల అరల్లో పొయ్యి, గిన్నెలు, ఉప్పూ కారం దేని చోటున అది ఉంటాయి. చక్ బాక్స్ అని పిలిచే ఈ పెట్టెను చాలామంది ఇంట్లోనే ప్లైవుడ్‌తో చేసుకుంటారు. ఇప్పుడిది సెలవుల సరదా సామానే గాని, పుట్టింది మాత్రం పశువులు తోలే కూలీల ఆకలి తీర్చడానికి.

ప్రయాణపు వంటపెట్టెలు అంతకుముందు లేవని కాదు. జార్జి వాషింగ్టన్ యుద్ధకాలంలో వాడిన పెట్టె స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పిడులు ఊడదీసే తగరపు గిన్నెలు, కాళ్ళు మడిచే ఇనప గ్రిల్లు, పళ్ళేలు, సీసాలు అందులో ఒద్దికగా ఇమిడిపోతాయి. కానీ అది పైనుంచి తెరిచే పెట్టె. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ తీయాలి. వండిపెట్టే సేవకులున్న సేనానికి అదేమంత ఇబ్బంది కాదు.

ఇబ్బంది పడ్డవాడు చార్లెస్ గుడ్‌నైట్. 1866లో ఈ టెక్సస్ పశువుల వ్యాపారి, భాగస్వామి ఆలివర్ లవింగ్‌తో కలిసి, సుమారు 2,000 పశువులను న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌కు తోలుకెళ్ళాలనుకున్నాడు. సైన్యం వేలాది నవాహో ప్రజలను సొంత నేలనుంచి తరిమి తెచ్చి అక్కడ నిర్బంధించింది. వాళ్ళకు తిండి పెట్టడానికే ప్రభుత్వం మాంసం కొంటోంది. గుడ్‌నైట్ ఈ ప్రయాణానికి కట్టించిన వంటబండిని, అంటే చక్ వాగన్‌ను, ముచ్చటగా వర్ణించే కథల్లో ఈ సంగతి తరచూ ఎగిరిపోతుంది.

దారిలో కాంచో నది ఎగువ నుంచి పేకోస్ నది దాకా నీళ్ళు దొరకని మైదానం. ఊళ్ళు లేవు, పూటకూళ్ళ ఇళ్ళు లేవు. రోజంతా గుర్రాల మీద తిరిగే మనుషులకు వేళకు తిండి పెట్టకపోతే మంద కదలదు. గుడ్‌నైట్, సైన్యం వాడి వదిలేసిన బండి ఒకటి సంపాదించి, బోడార్క్ అనే గట్టి కలపతో తిరిగి కట్టించాడు. ఇరుసులు ఇనుముతో వేయించాడు. బండి వెనక నిలువుగా, అరలూ సొరుగులూ ఉన్న పెట్టె బిగించాడు. పిండి, కాఫీ, చిక్కుడు గింజలు, ఎండుపళ్ళు, మందులు అన్నీ అందులోనే. తలుపుకు బందులు కింది అంచున వేశాడు.

నా లెక్కలో ఆయన తెలివంతా ఆ తలుపులోనే ఉంది. బండి నడుస్తుంటే సామాను పడిపోకుండా, దుమ్ము చొరకుండా కాస్తుంది. బండి ఆగగానే పిండి కలిపే బల్ల అవుతుంది. వంటవాడు వంగక్కర్లేదు, వెతకక్కర్లేదు. పోపుల డబ్బాలో ఆవాలెక్కడో చీకట్లోనూ చేతికి తెలిసినట్టు, తెల్లవారక ముందే లేచి కాఫీ కాచేవాడికి ప్రతి అరా తెలుసు.

బండి కింద ఎండు తోలును ఉయ్యాలలా కట్టి అందులో వంటచెరకు వేసుకునేవాళ్ళు. చెట్లు లేని చోట ఎండిన పేడే వంటచెరకు. రొట్టెకు డచ్ అవెన్ అనే మూతగిన్నె ఉండేది: కిందా నిప్పులే, మూత మీదా నిప్పులే. రాత్రి పడుకోబోయే ముందు వంటవాడు బండి నొగను ధ్రువనక్షత్రం వైపు తిప్పి ఉంచేవాడట, పొద్దున దిక్కు తెలియడానికి. రైళ్ళూ ముళ్ళకంచెలూ వచ్చి ఆ దూరపు తోలకాలు ఆగిపోయాయి గాని పెట్టె బతికింది. 2005లో టెక్సస్ చక్ వాగన్‌ను తన రాష్ట్ర వాహనంగా ప్రకటించుకుంది.

తర్వాతి మలుపు మోటారు కారు. హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వీ ఫైర్‌స్టోన్ 1915 నుంచి 1924 దాకా వేసవుల్లో క్యాంపింగ్‌కు వెళ్ళేవారు. వంటకు ప్రత్యేకంగా ట్రక్కు, వండే మనుషులు వెంట ఉండేవారు. పత్రికలవాళ్ళూ వెళ్ళేవారు కాబట్టి దాన్ని అడవి జీవితం అనడం కష్టం. అసలు మార్పు తెచ్చింది ఫోర్డ్ అమ్మిన మోడల్ టీ కార్లు కొన్న మామూలు కుటుంబాలు. కారు నడిపేదీ, వండేదీ, గిన్నెలు కడిగేదీ వాళ్ళే. కారు పక్క మెట్టు మీద పెట్టె కట్టుకుని బయల్దేరారు.

అప్పటికింకా పొయ్యి సమస్య తీరలేదు. కట్టెలు తడిస్తే వంట లేదు. 1923లో కోల్‌మన్ కంపెనీ రెండు మంటల మడత పొయ్యి తెచ్చింది. పంపుతో గాలి కొడితే ట్యాంకులోని పెట్రోలు గొట్టంలోకి ఎక్కుతుంది, మంట వేడికే ఆవిరై మండుతుంది. మూస్తే సూట్‌కేసు, తెరిస్తే మూతే గాలికి అడ్డు. గుడ్‌నైట్ తలుపు ఉపాయమే, చిన్నదై పొయ్యికి వచ్చింది. జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లో ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో అమర్చి తీసేసే 'క్యాంపింగ్ బాక్స్' చేసింది. వారమంతా సరుకులు మోసే వ్యాను ఆదివారం ఇల్లయ్యేది.

మన దగ్గర ఈ పెట్టె పుట్టకపోవడానికి కారణం వంట చేతకాకపోవడం కాదు. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో, గుడారాలతో వెళ్ళారు. నేటి తీర్థయాత్రల బస్సులోనూ వంటవాడు, గ్యాస్ పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తాలు కలిసే ప్రయాణిస్తాయి. అన్ని చేతులుంటే పెట్టెతో పనేముంది? నలుగురే కారులో వెళ్ళినప్పుడు గాని ఆ అవసరం తెలియదు.

ఇప్పుడు చేసుకోదలచినవాళ్ళకు ఒక మాట. ముందు పొయ్యినీ డిక్కీనీ కొలవండి, చెక్క తర్వాత కొనండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. సామానంతా సర్దాక ఇద్దరు ఎత్తలేని పెట్టె ఇంట్లోనే ఉండిపోతుంది. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే అడుగున చేరుతుంది. అందుకని సిలిండర్‌ను మూసిన పెట్టెలో దాచకండి, కారులో గాని గుడారంలో గాని పొయ్యి వెలిగించకండి.